మా హైస్కూల్లో ప్రపంచ సాహిత్యం క్లాసు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది పిల్లలకి శనివారం మధ్యాహ్నం ప్రపంచ సాహిత్యం అని ఒక క్లాసు నడుపుతున్నామండి. పేరు వినగానే అమ్మానాన్నలకి, పక్క స్కూళ్ళ మాస్టార్లకి, చివరికి పిల్లలకి కూడా వచ్చే డౌట్లు దాదాపు అవే. రేవు దగ్గర ఒకసారి, టీకొట్టు దగ్గర ఒకసారి, పేరెంట్స్ మీటింగ్‌లో ఇంకోసారి చెప్పిందే చెప్తున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నాను. పొడుగయ్యింది. మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని మిగతాది వదిలేయండి, ఏమీ అనుకోను.

ప్రపంచ సాహిత్యం అంటే ఇంగ్లీషు పుస్తకాలేనా మాస్టారూ?

కాదండి. బయటి పుస్తకం ఏదైనా మనకి ఎక్కువగా ఇంగ్లీషు ద్వారానే వచ్చింది కాబట్టి అలా అనిపిస్తుంది గానీ మేం చదివేవాటిలో ఇంగ్లీషులో పుట్టినవి తక్కువే. టాల్‌స్టాయ్, చెకోవ్ రష్యన్లు, మొపాసా ఫ్రెంచాయన, హోమర్ గ్రీకు, ఠాగూర్ బెంగాలీ, ప్రేమ్‌చంద్ హిందీ ఉర్దూ రెండూ. గిల్గమెష్ కథ అయితే ఇప్పుడు ఇరాక్ అంటున్న చోట మట్టి పలకల మీద గీసింది. నైజీరియా ఆయన అచెబె మాత్రం ఇంగ్లీషులోనే రాసేడు, కానీ చదివితే ఆ ఇంగ్లీషు నిండా ఇగ్బో వాళ్ళ సామెతలే ఉంటాయి.

ప్రపంచ సాహిత్యం అన్న మాటని జనంలోకి తెచ్చింది జర్మన్ కవి గొతె, 1827లో. అప్పుడాయన చదువుతున్నది ఒక చైనా నవల. దానికి ఎంతో ముందే మన శాకుంతలం చదివి మురిసిపోయేడు, విలియం జోన్స్ 1789లో ఇంగ్లీషులోకి చేసిందాన్ని పట్టుకుని ఫోర్‌స్టర్ అనే ఆయన 1791లో జర్మన్‌లోకి దింపితే. అంటే ఆ మాట వెనకాల మొదట్నుంచీ మనం కూడా ఉన్నామండి.

దీనివల్ల పబ్లిక్‌లో మార్కులొస్తాయా?

నేరుగా రావు. పరోక్షంగా కొంచెం రావచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం ఫస్ట్ ఫ్లైట్ తీసుకోండి, మొదటి పాఠమే మెక్సికో కథ. లెంచో అనే రైతు వాన కోసం ఎదురు చూస్తాడు, వానతో పాటు వడగళ్ళు పడి చేను మొత్తం పోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాసి పోస్టులో వేస్తాడు. పోస్టాఫీసు వాళ్ళు చదివి, జాలిపడి, తలా కొంచెం వేసుకుని డెబ్భై పంపుతారు. మిగతా ముప్ఫై ఈ పోస్టాఫీసు దొంగలే కాజేశారు స్వామీ అని లెంచో దేవుడికి ఇంకో ఉత్తరం రాస్తాడు. అదే పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ ముక్క ఉంది, చెకోవ్ నాటిక ఉంది, దాని తోడు పుస్తకంలో మొపాసా నెక్లెస్ కథ ఉంది. గైడులో ఉన్న నాలుగు లైన్ల సారాంశం బట్టీపట్టిన పిల్లాడికీ, కథ మీద గంటసేపు కొట్టుకున్న పిల్లాడికీ ఆన్సర్ రాసేటప్పుడు తేడా కనిపిస్తుంది. అంతకు మించి మార్కుల గురించి నేను మాటివ్వలేను.

మన తెలుగే సరిగ్గా చదవట్లేదు, బయటోళ్ళ పుస్తకాలెందుకు?

గోదావరి ఒడ్డున కూర్చుని ఈ ప్రశ్న అడిగితే నాకు కొంచెం నవ్వొస్తుందండి, కోప్పడకండి. రాజమహేంద్రవరంలో పదకొండో శతాబ్దంలో నన్నయ్యగారు మొదలెట్టిన మహాభారతం వేరే భాషలోంచి తెచ్చుకున్నదే కదా. వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము చూడండి, మన ధవళేశ్వరంలో నడిచే కథ, కానీ దానికి ప్రేరణ 1766లో వచ్చిన గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల. అంతటితో ఆగలేదు, మన నవలని ఇంకొకాయన ఇంగ్లీషులోకి చేస్తే 1887లో ఫార్చూన్స్ వీల్ అని అచ్చయ్యింది. అంటే ఇంగ్లాండ్ నుంచి బయల్దేరిన కథ ధవళేశ్వరం వచ్చి, ఇక్కడి మనుషుల్ని, బంగారం పిచ్చిని, దొంగ సన్యాసుల్ని ఎక్కించుకుని మళ్ళీ అటే వెళ్ళింది.

ఇంకోటి చెప్తాను. పాలగుమ్మి పద్మరాజుగారు మన పశ్చిమ గోదావరి మనిషి. ఆయన గాలివాన కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తుఫాను రాత్రి, రైలు, చిన్న స్టేషను, నియమాలూ వేదాంతం గట్టిగా పట్టుకున్న పెద్దమనిషి రావుగారు, ఒక ముష్టి ఆమె, అంతే కథ. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్ళు మన గాలివాన చదివేరు, మనం మెక్సికో వడగళ్ళు చదవకూడదా?

పైగా మా క్లాసులో తెలుగు తీసేసి బయటివి పెట్టలేదు. శ్రీపాదవారి కథ ఒక వారం, చెకోవ్ కథ ఇంకో వారం. పక్కపక్కన పెడితే రెండూ బాగా కనిపిస్తాయి.

చివరికి చెప్పేది "మనుషులంతా ఒకటే" అనేగా, దానికి ఇన్ని కథలెందుకు?

అదే చెప్పేదైతే క్లాసు అక్కర్లేదండి, స్కూలు గోడ మీద రాయించేస్తే సరిపోయేది.

పిల్లలు ఏ కథ చదివినా ముందు అనే మాట "మన ఊళ్ళోలాగే ఉంది సార్". ఆ మాట వస్తే నాకు సంతోషమే, కథలోకి దిగేరన్నమాట. కానీ అక్కడితో ఆగిపోతే మెక్సికో వెళ్ళి కూడా మనల్నే చూసుకుని వచ్చేసినట్టు అవుతుంది. అందుకని మా క్లాసులో రెండో ప్రశ్న ఒకటుంటుంది, ప్రతి కథకీ అదే ప్రశ్న: సరే, ఎక్కడ మనలా లేదు?

లెంచో కథ చదివినప్పుడు చూడాలి. "నష్టపరిహారం లాగే సార్, రాసింది ఒకటి పడింది ఒకటి" అన్నాడొకడు, క్లాసంతా నవ్వింది. సార్వా కోతలప్పుడు పనల మీద వాన పడి మొలకలొచ్చిన చేలు చూసిన పిల్లలు వీళ్ళు, వడగళ్ళు ఎప్పుడూ చూడకపోయినా లెంచో కడుపుమంట వీళ్ళకి వివరించక్కర్లేదు. కౌలు రైతుల పిల్లలు ఒకడుగు ముందుకేసేరు, "లెంచోకి సొంత చేను ఉంది కదా సార్, డబ్బు అతని పేరు మీదే వచ్చింది, మాకైతే భూమి ఎవరిదో వాళ్ళ ఖాతాలో పడుతుంది" అని. అప్పుడు ఎక్కడ మనలా లేదు అని అడిగితే కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి "ఇతను గవర్నమెంటుని ఒక్కసారి కూడా అడగలేదు సార్, డైరెక్టుగా దేవుణ్ణే అడిగేడు, మన ఊళ్ళో అయితే ముందు వీఆర్వో దగ్గరికి వెళ్తారు, తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి, దేవుడు ఆఖర్న" అంది. ఆ పీరియడ్ మిగతాదంతా దాని మీదే అయిపోయింది. అంత ఒంటరి రైతు ఎందుకయ్యాడు, చుట్టుపక్కల ఊరు లేదా, గవర్నమెంటు అనేది అతని తలలోకే ఎందుకు రాలేదు అని. ఆ బాధ మనకీ తెలుసు, కానీ అతను బాధపడే తీరు అతనిది, అతని ఊరిది. ఈ రెండూ కలిపి పట్టుకోవడమే మేం నేర్చుకునేది.

చెకోవ్ కథ ఒకటుంది, 1886లో రాసింది. పీటర్స్‌బర్గ్‌లో గుర్రబ్బండి తోలే ముసలాయన అయోనా, కొడుకు ఆ వారమే చచ్చిపోయాడు. బండెక్కిన ప్రతివాడికీ చెప్పుకోబోతాడు, ఎవరూ వినరు, చివరికి రాత్రి గుర్రానికి మేత వేస్తూ దానితో చెప్పుకుంటాడు. ఇది చదివేక మా పిల్లలకి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "ఎవరైనా పోతే పెద్దకర్మ దాకా ఇంటినిండా జనమే ఉంటారు కదండీ, ఈయనకెవరూ రాలేదేంటి?" అని. అదిగో, అదే తేడా. పల్లెటూరి మనిషి కొడుకు చనిపోయి వారం తిరక్కముందే మంచులో కిరాయికి తిరుగుతున్నాడంటే ఆ నగరం ఎలాంటిదో అక్కడ్నుంచి మాట్లాడుకోవచ్చు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేస్తున్న బాబాయి ఉన్న కుర్రాడు మాత్రం తలూపుతూ కూర్చున్నాడు, అతనికి ఆ తేడా అంత పెద్దగా అనిపించలేదు.

ఏ కథతో మొదలుపెడతారు? ఎనిమిదో తరగతి వాళ్ళకి ఇవన్నీ అర్థమవుతాయా?

ఎనిమిదికి ప్రేమ్‌చంద్ ఈద్గాహ్, అందులో హమీద్ అనే చిన్నపిల్లాడు సంతలో తన దగ్గరున్న మూడు పైసలతో బొమ్మ కొనుక్కోకుండా నానమ్మకి చేతులు కాలకుండా పటకారు కొంటాడు. చెకోవ్ వాంకా, చెప్పులు కుట్టే ఆయన దగ్గర పనికి పెట్టిన తొమ్మిదేళ్ళ పిల్లాడు తాతకి ఉత్తరం రాసి అడ్రసు దగ్గర పల్లెటూళ్ళో తాతయ్యకి అని, తాత పేరు మాత్రం రాస్తాడు. ఇవి వెంటనే ఎక్కుతాయి.

తొమ్మిదికి టాల్‌స్టాయ్, మనిషికి ఎంత భూమి కావాలి అనే కథ, ఇదీ 1886దే. పహోం అనే రైతుకి బాష్కిర్ల నాయకుడు ఒక ఆఫర్ ఇస్తాడు. వెయ్యి రూబుళ్ళు కట్టు, పొద్దు పొడిచింది మొదలు అస్తమించేలోపు నడిచి చుట్టి వచ్చినంత భూమి నీది, టైముకి బయల్దేరిన చోటికి రాకపోతే డబ్బు పోయినట్టే. ఈ లైను చదవగానే క్లాసులో గొడవ మొదలవుతుంది చూడండి. సెంటు సెంటుకీ లెక్క చూసుకునే నేల మనది, గట్టు మీద కొబ్బరిచెట్టు ఎవరిదని అన్నదమ్ములు మాట్లాడుకోకుండా ఉన్న ఇళ్ళు ఉన్నాయి. అందుకే ఒకడు ముందు చిన్న చదరం చుట్టేసి మధ్యాహ్నానికి వచ్చేస్తానంటాడు, ఒకడు పరిగెడతానంటాడు, ఒకడైతే నీరు పారే వైపు ఎటో ముందు చూసుకోవాలి సార్ అంటాడు, అతను నిజంగా రైతు కొడుకు. పహోం ఆశకి పోయి దూరం వెళ్ళిపోయి, పొద్దు వాలుతుంటే పరిగెత్తుకొచ్చి, గుట్ట మీద పడి ప్రాణం వదిలేస్తాడు. చివరికి అతనికి కావాల్సింది ఆరడుగులు.

చాలామంది దీన్ని అత్యాశ కథ అని చెప్పి వదిలేస్తారు. కానీ ఒక పిల్ల అడిగింది, "అంత మంచి భూమి ఆ బాష్కిర్లు అంత చౌకగా ఎందుకిస్తున్నారు సార్, వాళ్ళకి అక్కర్లేదా?" అని. ఇక్కడ చరిత్ర చెప్పాల్సి వస్తుంది. బాష్కిర్లు పశువుల్ని మేపుకునేవాళ్ళు, దున్నేవాళ్ళు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో రష్యా లోపలి నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి వాళ్ళ భూములు కారుచౌకగా వెళ్ళిపోయాయి. అంటే పహోం ఒక్కడి ఆశ కాదు అక్కడున్నది, భూమి అంటే ఏంటో వేరేగా అనుకునే రెండు జాతులున్నాయి. ఆశ అందరికీ ఉంటుంది, కానీ ఎవరి నేల మీద ఆశపడుతున్నాం అన్నది ఏ కథకా కథే. ఎనిమిదో తొమ్మిదో తరగతి వాళ్ళకి అర్థమవదని మనం అనుకుంటాం గానీ ఇలాంటి ప్రశ్న నాకు పెద్దవాళ్ళెవరూ వెయ్యలేదండి.

పదికి అచెబె నవల థింగ్స్ ఫాల్ అపార్ట్ లోంచి కొన్ని భాగాలు, హెమింగ్వే ముసలాయన సముద్రం కథ. ఓడలరేవు, అంతర్వేది వైపు వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలుంటే ఈ రెండోది చదవక్కర్లేదు, వాళ్ళే చెప్పేస్తారు. ఎనభై నాలుగు రోజులు చేప పడకపోతే ఇంట్లో ఏం తింటారు, అప్పెవరిస్తారు అనేది హెమింగ్వే పెద్దగా రాయలేదని వాళ్ళ కంప్లైంటు.

అనువాదంలో చదివితే అసలు రుచి పోదా?

కొంత పోతుంది. పోతుందని చదవకుండా ఉంటే మొత్తం పోతుంది. గ్రీకు, రష్యన్ నేర్చుకుని చదవమంటే ఈ జన్మకి అవదు కదా. మనకి మంచి అనువాదకులున్నారండి, గోర్కీ అమ్మని క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేసేరు, అలెక్స్ హేలీ రూట్స్‌ని సహవాసిగారు ఏడు తరాలు అని చేస్తే అది తెలుగు పుస్తకమే అనుకుని చదివినవాళ్ళు నాకు తెలుసు. దొరికినప్పుడు ఒకే పేరా రెండు అనువాదాల్లో చదివిస్తాం, ఎవరెక్కడ తేలిగ్గా దాటేసేరో పిల్లలే పట్టుకుంటారు.

చావులు, యుద్ధాలు, ఏడుపులు ఈ వయసులో అవసరమా అండి?

ఇది తల్లులు అడుగుతారు ఎక్కువ, న్యాయమైన ప్రశ్నే. కొన్ని ఆపుతాం. అచెబె నవలలో ఇకెమెఫునా అనే పిల్లాణ్ణి చంపే చోటు ఎనిమిదో తరగతి ముందు చదవం. పదిలో కూడా ముందే చెప్పి చదువుతాం. యుద్ధం గురించైతే ఆన్ ఫ్రాంక్ చాలు, పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీ, 1942 నుంచి 1944 దాకా దాక్కున్న ఇంట్లో రాసుకున్నది. అందులో యుద్ధం కంటే అమ్మతో గొడవలే ఎక్కువ గుర్తుంటాయి మా పిల్లలకి, ఆ వయసుకి అంతే.

కానీ మొత్తం దాచేయడం కుదరదు. 1996 నవంబరు తుఫాను గురించి ఈ పిల్లలు పుట్టకముందు జరిగినా ఇంట్లో వింటూనే పెరిగేరు. కొబ్బరితోటలు పడుకున్నాయని, శవాలు కాలవల్లో చూశామని తాతలు చెప్తుంటే పక్కనే కూర్చుని అన్నం తింటారు. ఇంట్లో చావు ఉంది, బళ్ళో చావు మాట ఎత్తకూడదు అంటే ఎలా? గిల్గమెష్ కథలో ప్రాణస్నేహితుడు ఎంకిడు చనిపోతే గిల్గమెష్ ఆరు పగళ్ళు ఏడు రాత్రులు శవాన్ని ఇవ్వడు, ముక్కులోంచి పురుగు రాలేదాకా. చదివినప్పుడు క్లాసు బిగుసుకుపోయింది. కాసేపటికి ఒక కుర్రాడు వాళ్ళ పెదనాన్న గురించి చెప్పడం మొదలెట్టేడు, ఎవరూ అడగలేదు. నేను ఆపలేదు, మధ్యలో మాట్లాడలేదు, అంతే చేసింది.

మతం విషయంలో పిల్లల్ని అటూ ఇటూ చేస్తారేమోనని భయం.

ఏ మతమూ గొప్పదని గానీ కాదని గానీ చెప్పం. మా క్లాసులో గుడికెళ్ళేవాళ్ళు, చర్చికెళ్ళేవాళ్ళు, మసీదుకెళ్ళేవాళ్ళు అందరూ ఉన్నారు, అందువల్ల మాకు ఉపయోగమే జరిగింది.

గిల్గమెష్‌లో పదకొండో పలక మీద జలప్రళయం కథ ఉంది. 1872లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన ఆ పలక చదివేడు. దేవుళ్ళు వరద పంపుతారు, ఉత్నపిష్టిం పడవ కట్టుకుంటాడు, వరద తగ్గిందో లేదో చూడ్డానికి పక్షుల్ని వదులుతాడు. చర్చి పిల్లలు వెంటనే నోవహు అన్నారు, ఇంకొకళ్ళు మనువు, చేప అన్నారు. మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి, వరద ఎందుకొచ్చింది అన్న కాలమ్ ఖాళీగా పెట్టి చదవమన్నాం. బైబిల్లో మనుషుల పాపం. శతపథ బ్రాహ్మణంలో మనువు కథ చూస్తే పాపం మాటే లేదు, వరద వస్తుంది, చేప ముందే చెప్తుంది, పడవ లాగుతుంది. గిల్గమెష్‌లో కారణం సరిగ్గా చెప్పరు, వరదయ్యాక దేవుళ్ళే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు. ఇలా కాలమ్ నింపుతుంటే ఒక లంక పిల్లాడు, 1986 వరదలో వాళ్ళ తాత ఇల్లు పోయిందట, "వాళ్ళకి ధవళేశ్వరం లేదు కదా సార్ మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వడానికి, అందుకే చేప చెప్పాల్సొచ్చింది" అన్నాడు. నాకు తెలిసి ఆ కథకి అంత మంచి వ్యాఖ్యానం ఎవరూ రాయలేదు. ఎవరి దేవుడూ చిన్నబోలేదు ఆరోజు.

కథలు చదివితే పక్కవాడి బాధ అర్థం చేసుకునే గుణం పెరుగుతుందని సైన్స్ చెప్పిందట, నిజమేనా?

2013లో సైన్స్ పత్రికలో కిడ్, కాస్టానో అనే ఇద్దరు రాసేరు. సాహిత్య కథలు కాసేపు చదివినవాళ్ళు ఎదుటివాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టే పరీక్షలో మెరుగ్గా చేసేరని. పేపర్లన్నీ అదే రాసేశాయి. తర్వాత 2016లో వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఒక కథ చదివితే మంచివాడైపోతాడు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. బోలెడు పుస్తకాలు చదివి పాలేరుని అరే ఒరే అనే పెద్దమనుషుల్ని మనం చూడలేదా ఏంటి. చదివి వదిలేస్తే ఏమీ అవదు, చదివి నలుగురు కూర్చుని కొట్టుకుంటే ఏదో అవుతుంది అని మాత్రం నా నమ్మకం, అది సైన్స్ కాదు.

మావాడికి లెక్కలంటే ప్రాణం, కథలు ఎక్కవు. వదిలేయొచ్చా?

వదిలేయొచ్చు, ఎవర్నీ బలవంతంగా కూర్చోబెట్టం. కానీ ముందు మొపాసా నెక్లెస్ కథకి పంపండి. 1884 కథ. గుమాస్తా భార్య మతిల్డ్ ఫంక్షన్‌కి స్నేహితురాలి దగ్గర వజ్రాల నెక్లెస్ అడిగి వేసుకెళ్ళి పోగొడుతుంది. అలాంటిదే ముప్ఫై ఆరు వేల ఫ్రాంకులకి కొనిచ్చేస్తారు. భర్తకి తండ్రి వదిలిన పద్దెనిమిది వేలున్నాయి, మిగతా పద్దెనిమిది వేలు అప్పు. తీర్చడానికి పదేళ్ళు. చివర్న తెలుస్తుంది అది నకిలీ, మహా అయితే ఐదొందలు చేస్తుందని. మా లెక్కల బ్యాచ్ దీన్ని పట్టుకుని ఎంత వడ్డీ అయితే పదేళ్ళు పడుతుంది, నెలకెంత, బారువడ్డీయా చక్రవడ్డీయా అని బోర్డు నింపేశారు. ఇంట్లో గోల్డ్ లోన్ రశీదులు చూసిన పిల్లలు కదా. తర్వాత వాళ్ళే అడిగేరు, పోయిందని ఆ స్నేహితురాలికి చెప్పేస్తే సరిపోయేది కదా, ఎందుకు చెప్పలేదు అని. పరువు అన్నారు కొందరు, భయం అన్నారు కొందరు. ఆ లెక్క మాత్రం తేలలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి కూర్చోవచ్చా? చదువు రాకపోయినా?

తప్పకుండా రండి. గట్టిగా చదివి వినిపించేదే మా క్లాసు, వినడానికి చదువెందుకు. నర్సాపురం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల అమ్మమ్మగారు లేసు అల్లుతారు, మనవరాలితో పాటు వచ్చి వెనకాల కూర్చునేవారు, చేతిలో పని ఆగేది కాదు. ఆరోజు ఒడిస్సీ. ఒడిస్యూస్ యుద్ధానికి వెళ్ళి ఏళ్ళ తరబడి రాడు, పెళ్ళి చేసుకోమని ఇంటిమీద పడ్డ మగాళ్ళని పెనెలోపి ఆపడానికి, మామగారికి కప్పే వస్త్రం నేయడం అయ్యాక చేసుకుంటానని చెప్పి, పగలు నేసింది రాత్రి విప్పేస్తూ మూడేళ్ళు గడిపేస్తుంది. మేమంతా ఆహా ఏం తెలివి అనుకుంటుంటే మామ్మగారు అల్లిక ఆపి "మూడేళ్ళా? మగాళ్ళు కాబట్టి నమ్మేరు. విప్పిన దారం మళ్ళీ అల్లితే ముడతలు తెలిసిపోతాయి, పని తెలిసిన ఆడది చూస్తే ఇట్టే పట్టేస్తుంది" అన్నారు. పేజీ తిప్పితే అక్షరాలా అదే ఉంది, నాలుగో ఏడు ఇంట్లో పనిచేసే ఒక దాసీ చెప్పేస్తేనే గుట్టు బయటపడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టేరు. మామ్మగారు ఆ దాసీని మాత్రం క్షమించలేదు.

మా అమ్మాయి క్లాసు నుంచి వచ్చి ఏడ్చింది, ఏం చదివించేరు?

బహుశా కాబూలీవాలా అయ్యుంటుందండి, ఠాగూర్‌ది, 1892. కలకత్తాలో ఎండు ద్రాక్ష, బాదం అమ్ముకునే రహమత్‌కి మిని అనే చిన్నపిల్లతో స్నేహం. తన కూతురు కాబూల్లో ఉంది. ఆ పాప చెయ్యి మసిలో ముంచి వేయించుకున్న కాగితం గుండెల దగ్గర పెట్టుకుని తిరుగుతుంటాడు. మా క్లాసులో అమ్మ కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్ళిన పిల్లలు ఉన్నారు, ఏ ఊళ్ళో లేరు చెప్పండి. ఒక అమ్మాయి, "మా అమ్మ అక్కడ ఆ ఇంటి పాపకి జడ వేస్తున్నప్పుడు నేను గుర్తొస్తానంది సార్" అంది. అంతే, సగం క్లాసు ఏడ్చింది.

కానీ రెండో ప్రశ్న అప్పుడు కూడా వదల్లేదు. ఎక్కడ మనలా లేదు? వీడియో కాల్ లేదు అన్నారు మొదట. తర్వాత ఆ అమ్మాయే, "ఇది మిని వాళ్ళ నాన్న చెప్పిన కథ కదా, కాబూల్లో ఉన్న ఆ కూతురు ఏమనుకుందో ఎవరూ రాయలేదు" అంది. ఆ వారం హోంవర్క్ అదే అయ్యింది, కాబూల్ నుంచి రహమత్‌కి కూతురు రాసే ఉత్తరం. మీ అమ్మాయి రాసింది చదివేను. ఇంట్లో అడగండి, చూపిస్తానంటే చూడండి, వద్దంటే వదిలేయండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? కొనే స్తోమత లేదు.

కొనక్కర్లేదు. పాత రచనలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇంగ్లీషులో ఫ్రీగా ఉన్నాయి, కాపీరైటు అయిపోయినవన్నీ. తెలుగు వికీసోర్స్‌లో మన పాతవాళ్ళు ఉన్నారు. మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడ అడగండి, అడిగేవాళ్ళు లేకే బీరువాలు తాళాలేసి ఉంటాయి. రాజమండ్రి వెళ్తే గౌతమీ గ్రంథాలయం చూసి రండి. పాత పుస్తకాల షాపుల్లో రష్యా వాళ్ళు తెలుగులో అచ్చేసి చౌకగా పంపిన పుస్తకాలు ఇప్పటికీ కనిపిస్తాయి, కనిపిస్తే వదలకండి. చిన్న తరగతులకి హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన రైలుబడి మంచిది, జపాన్‌లో ఒక చిన్నపిల్ల స్కూలు కథ. కథకి కథ జిరాక్స్ తీసి క్లాసులో పంచేది మేమే.

మా స్కూల్లో కూడా మొదలెడదామని ఉంది, ఎలా?

మాస్టార్లకి నాలుగు ముక్కలు. చిన్న కథ తీసుకోండి, పీరియడ్‌లో అయిపోయేది. మీరే గట్టిగా చదవండి, పిల్లలచేత చదివిస్తే తడబాటు మీదే ధ్యాసంతా పోతుంది. రచయిత పుట్టింది ఎక్కడ, పోయింది ఎప్పుడు అని మొదలెట్టకండి, అది అడిగినప్పుడు చెప్పొచ్చు. మ్యాపు మాత్రం గోడకి ఉండాలి, పిల్లలు లేచి వెళ్ళి వేలు పెట్టి చూడాలి. ఇంకా ముఖ్యం, ఈ కథలో నీతి ఏమిటి అని అడక్కండి. ఆ ప్రశ్న వేశారంటే పిల్లలు తెలివైనవాళ్ళు, మీకు కావాల్సింది చెప్పేసి బెల్లు కోసం చూస్తారు. హెచ్ఎం గారు ఒప్పుకోకపోతే లైబ్రరీ పీరియడ్ అని పేరు పెట్టండి, టైంటేబుల్‌లో అది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

ఇంటర్‌కి వెళ్ళాక ఇవన్నీ ఎవరు చదువుతారండి?

ఎంపీసీ, బైపీసీల్లో పడ్డాక టైం ఉండదు, నిజమే. అందుకే హైస్కూల్లో పెట్టేం.

పుస్తకం తడిసినా, పోయినా ఫైన్ ఉందా?

తడిస్తే లేదు. మాది కోనసీమ, వానాకాలంలో తడవని పుస్తకం ఉండదు, ఎండలో పేజీలు విడదీసి ఆరబెట్టి తెచ్చేయండి, ఇస్త్రీ మాత్రం చేయకండి. పోతే వేరే ఏదైనా కథల పుస్తకం ఒకటి, పాతదైనా సరే, తెచ్చి ఇవ్వాలి. గైడ్లు తీసుకోబడవు.